జయమణి చెప్పని పేరు

జగ్గయ్యపేట ధాన్యం కొట్ల వెనక సందులో గోతాల జయమణిని ఎరగని వాళ్ళు లేరు. మిరపకాయలకూ అపరాలకూ వాడి పక్కన పడేసిన గోతాలను ఆమె కొట్ల దగ్గర కొనేది. దులిపి, ఎండలో పరిచి, చిరుగులకు మాసికలు వేసి, పంట చేతికొచ్చే రోజుల్లో రైతులకు అమ్మేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతిలో దబ్బనం, ఒడిలో పురికొస ఉండ. మిరప గోతాలు దులిపిన రోజున సందులో నడిచే వాళ్ళంతా తుమ్ముకుంటూ పోయేవారు. ఆమెకు మాత్రం ఆ ఘాటు ఏనాడో అలవాటైపోయింది.

ఈ పని ఆమెకు పుల్లమ్మ నేర్పింది. పుల్లమ్మ కన్నతల్లి కాదు. ఆ సంగతి పుల్లమ్మ ఎప్పుడూ దాచలేదు. రజాకార్ల రోజుల్లో నిజాం సరిహద్దు దాటి నల్లగొండ వైపు ఊళ్ళ జనం గుంపులు గుంపులుగా వచ్చి జగ్గయ్యపేటలో పడ్డారు. ఊరి బయట తాటాకు పందిళ్ళు వేసి వాళ్ళకు చోటిచ్చారు. క్యాంపు అనేవారు దాన్ని. నలభై ఎనిమిది వానాకాలంలో క్యాంపుకు కలరా తగిలింది. గంజి కాచి పోయడానికి వెళ్ళే ఆడవాళ్ళలో పుల్లమ్మ ఒకతె. పిల్లలు లేని మనిషి. తల్లిని పోగొట్టుకున్న ఏడాది పిల్లను ఒకదాన్ని చంకనేసుకుని ఇంటికి తెచ్చుకుంది. పోలీసు చర్య అయిపోయి, క్యాంపు జనం ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయాక, ఆ పిల్ల కోసం ఎవరైనా వస్తారేమోనని కొన్నాళ్ళు చూసింది. ఎవరూ రాలేదు. జయమణి అని పేరు పెట్టుకుంది.

పుల్లమ్మ చెప్పే ఈ కథలో ఇంకో పిల్ల కూడా ఉండేది.

"ఇద్దరున్నారే మీరు. ఒకటే ఈడు. మీ తల్లులిద్దరూ ఒక్కరోజు తేడాలో పోయారు. ఎవరు ఎవరి బిడ్డో చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు. నువ్వు ఎత్తుకోమని చేతులు చాపావు, నిన్నెత్తుకున్నా. రెండోదాన్ని పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన పరుపులు కుట్టే సాయిబూ ఆయన భార్యా తీసుకుపోయారు. హజరాబీ అని పెట్టుకున్నారంట."

పాతికేళ్ళ వయసులో జయమణి ఒకసారి పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. అరుగు మీద ఒక సన్నటి మనిషి దూది పరుస్తూ కూర్చుంది. ముక్కూ నోరూ పైటకొంగుతో కట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపించాయి. జయమణి వీధిలో నిలబడి కాసేపు చూసింది. ఏమని పలకరించాలో తెలియక వచ్చేసింది.

పుల్లమ్మ ఎనభై తొమ్మిదిలో పోయింది. ఆ మరుసటేడు జయమణి భర్త చిన్నబాబు పోయాడు. ఒక్కగానొక్క కూతురు బేబిని అప్పటికే నందిగామలో ఇచ్చారు. జయమణి ఒక్కతే మిగిలింది, చుట్టూ గోతాలతో.

తొంభై నాలుగు వేసవిలో ఒక మధ్యాహ్నం ఖాకీ బట్టల మనిషి ఒకాయన సందులోకి వచ్చాడు. కోదాడ డిపో కండక్టరు. బస్సు స్టాండులో ఆగి ఉంది, అరగంట టైముందని చెప్పాడు. పేరు సోమనర్సయ్య. కోదాడ నుంచి జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడ దాకా పదేళ్ళుగా ఆయనదే రూటు. టికెట్లు కొడుతూ, ముసలివాళ్ళు కనిపిస్తే చాలు, ఒకటే మాట అడిగేవాడు: "రజాకార్ల టైంల పేట క్యాంపుల ఇడిసిపెట్టిన ఆడపిల్లను ఎవరన్న పెంచుకున్నరని ఎన్నడన్న విన్నరా?" చాలామంది లేదనేవారు. మొన్న అపరాల వ్యాపారి ఒకాయన గోతాల జయమణి పేరు చెప్పాడట.

ఆయన గోతాల కట్ట మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా తన కథంతా చెప్పాడు. క్యాంపుకు వచ్చినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్ళు. తండ్రి ఊళ్ళోనే పోయాడు. తల్లి క్యాంపులో కలరాతో పోయింది. చెల్లెలు యాదమ్మకు ఏడాది. బాబాయి వచ్చి, జ్వరంతో ఉన్న పసిపిల్లను దారిలో చంపుకోలేక, మళ్ళీ వచ్చి తీసుకుపోతానని గంజి పోసే ఆడవాళ్ళలో ఎవరికో అప్పజెప్పి, పిల్లవాణ్ణి మాత్రం వెంటబెట్టుకుపోయాడు. మళ్ళీ వచ్చేసరికి క్యాంపు లేదు.

చెబుతున్నంతసేపూ ఆయన జయమణి ముఖమే చూస్తున్నాడు.

"ముక్కు మా అమ్మదే," అన్నాడు చివరికి. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అడిగాడు. "క్యాంపుల నువ్వొక్కదానివేనా చెల్లె? ఇంకో ఆడపిల్ల గిట్ల ఎవరన్న మిగిలిందా?"

పుట్టి బుద్ధెరిగాక జయమణిని చెల్లె అని పిలిచిన మనిషి లేడు. హజరాబీ పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు చెబితే ఈయన లేచి ఆ బస్సెక్కి పెనుగంచిప్రోలు పోతాడు. ఆ ముఖం చూసి ఆ ముక్కు కూడా వాళ్ళ అమ్మదేనంటే?

"నేనొక్కదాన్నేనంట అన్నయ్యా," అంది.

పూర్తిగా అబద్ధం కాదని ఆ సాయంత్రమే తనకు తాను చెప్పుకుంది. ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. నేనే ఎందుకు కాకూడదు?

అప్పటి నుంచి పద్నాలుగేళ్ళు ఆమెకు అన్న ఉన్నాడు. రిటైరయ్యే దాకా డ్యూటీ ఉన్న ప్రతిరోజూ బస్సు ఆగగానే సందులోకి ఒక కేక వేసిపోయేవాడు. బతుకమ్మకు కోదాడ తీసుకుపోయేవాడు. తంగేడు పూలూ గునుగు పూలూ ఎలా పేర్చాలో జయమణికి తెలియకపోతే వదిన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. రాఖీ పున్నమికి ఆమే వెళ్ళి కట్టి వచ్చేది. పేట సందులో అలాంటి ఆనవాయితీ లేదు. పక్కింటి కమలాకుమారి నవ్వేది, "యాభయ్యేళ్ళొచ్చాక రాఖీలేంటే నీకు?" అని. జయమణి కూడా నవ్వేది. బేబికి రెండో కాన్పు కష్టమైనప్పుడు నందిగామ ఆసుపత్రిలో రెండు రోజులు మెట్ల మీద కూర్చున్నది సోమనర్సయ్యే. జయమణిని ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే, "మాది కోదాడ పక్కనండి" అనడం నేర్చుకుంది.

అలాగని హజరాబీని మరిచిపోలేదు. పెనుగంచిప్రోలు ఆటోలు వరసగా నిలబడే చోటుకు ఆమె వెళ్ళడం మానేసింది. పరుపులకు ముతకగుడ్డ కావాలని ఎవరైనా సందులోకి వస్తే, ఏ ఊరు మీదని అడిగేది కాదు.

రెండువేల ఎనిమిది జూన్‌లో సోమనర్సయ్య మనవరాలు యామిని వచ్చింది. ఆయన కూతురి కూతురు. హైదరాబాదులో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. సంచిలోంచి అరచేతిలో పట్టేంత అట్టపెట్టె తీసింది. వాళ్ళ లెక్చరర్ క్రెడిట్ కార్డుతో ఇంటర్నెట్లో తెప్పించిందట. మూడు వారాలు పట్టిందట రావడానికి.

"డీఎన్‌ఏ పరీక్ష అమ్మమ్మా. సూది లేదు, రక్తం లేదు. ఇంట్ల కూసోనే చేసుకోవచ్చు. గీ చిన్న బ్రష్‌తోని బుగ్గ లోపల ఒక నిమిషం రుద్దుకోవాలె, సీసాల వేసి పంపాలె. గంతే."

"నాకెందుకమ్మా ఇవన్నీ?"

"తాతయ్యది నిన్ననే తీసిన. తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చే గుర్తు ఒకటుంటది. కొడుక్కీ వస్తది, కూతురికీ వస్తది. మీ ఇద్దరికీ అమ్మ ఒక్కతే కదా, రెండూ ఒక్కతీరుగ వస్తయి. ఆ కాయితం ఫ్రేము కట్టించి తాతయ్య పుట్టినరోజుకు ఇద్దామని."

జయమణి చేతిలో దబ్బనం కదల్లేదు. "ఉన్నది చాలదా తల్లీ? ఈ వయసులో మాకు కాయితాలు దేనికి?" అంది. యామిని ఆమె బిడియం అనుకుంది. బతిమాలింది. ఇంకా కాదంటే పిల్లకు అనుమానం వస్తుందని జయమణి నోరు తెరిచింది. ఆ కుచ్చు బుగ్గ లోపల మెత్తగా తగులుతుంటే, పద్నాలుగేళ్ళ కిందట ఆ నోట్లోనే మింగేసిన మాట ఏదో ఆ అమ్మాయి తవ్వి తీస్తున్నట్టే అనిపించింది.

ఫలితానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఆ రెండు నెలలూ జయమణి మాసికలు వంకరగా పడ్డాయి. మధ్యలో రాఖీ పున్నమి వచ్చింది. కోదాడ వెళ్ళి కట్టింది. రెండుసార్లు ముడి జారితే మళ్ళీ వేసింది. "సుగర్ ఏమన్న వచ్చిందా చెల్లె? చూపిచ్చుకో," అన్నాడు సోమనర్సయ్య.

ఆ తర్వాతి వారం యామిని ఒక్కతే వచ్చింది. చెప్పుల దగ్గరే నిలబడిపోయింది. ముఖం చూడగానే జయమణికి అర్థమైపోయింది.

"కలవలే అమ్మమ్మా. పదకొండు చోట్ల తేడా ఉంది. ఒక్క తల్లి బిడ్డలైతే అట్ల రాదు." ఆ పిల్ల ఏడుస్తోంది. "నేనే తప్పు చేసిన. తాతయ్యకు చెప్పొద్దనుకుంటున్న. డబ్బా పోస్టుల పోయిందని చెప్తా. ఎవరికీ తెలవదు. నువ్వు మా అమ్మమ్మవే."

జయమణి ఆ పిల్లను గోతాల కట్ట మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. తను కూడా తాగింది. ఎన్నేళ్ళుగానో భయపడిన మాట వినేసిన తర్వాత, విచిత్రంగా, గుండెల్లో దడ తగ్గింది. యామిని ఇస్తానంటున్నది చిన్న వరం కాదు. ఊ అంటే చాలు, అన్నా ఉంటాడు, బతుకమ్మా ఉంటుంది. కానీ ఇప్పుడు ఇద్దరిలో ఎవరైనా కావచ్చు అని చెప్పుకోవడానికి లేదు. తను కాదు. అంటే హజరాబీయే.

"ఒకసారి దాచానమ్మా," అంది. "మళ్ళీ దాచలేను. పద, మీ తాతయ్య దగ్గరికి పోదాం."

కోదాడలో సోమనర్సయ్య వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. జయమణి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పరీక్ష సంగతి చెప్పింది. ఆ తర్వాత పుల్లమ్మ చెప్పిన రెండో పిల్ల సంగతి, ఆ పేరు, ఆ ఊరు, తను ఒకసారి చూసి రావడం, తొంభై నాలుగులో ఆయన అడిగినప్పుడు లేదనడం, అన్నీ వరసగా చెప్పింది. వంటింటి గుమ్మంలో వదిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమనర్సయ్య పేపరు మడిచాడు. మళ్ళీ మడిచాడు.

"నేను అడిగిన గదా," అన్నాడు. "ఇంకెవరన్న ఉన్నరా అని నోరు తెరిచి అడిగిన గదా."

"అడిగావు అన్నయ్యా."

"పెనుగంచిప్రోలు. నా బస్సు దిగినోళ్ళు ఆటో ఎక్కి పోయే ఊరు." పేపరు పక్కన పెట్టి, "రేపొద్దున పోదాం. ఇల్లు నీకే ఎరుక," అన్నాడు.

మర్నాడు ఆటోలో ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. జయమణి, యామిని వెనక. దారి పొడుగునా పత్తిచేలు. ఆ ఇల్లు ఇప్పుడు సగం డాబా అయింది. అరుగు మాత్రం అలాగే ఉంది. అరుగు మీద నలభై ఏళ్ళ మనిషి పరుపుకు అంచు కుడుతోంది. హజరాబీ కూతురు, రమీజా. యామిని మెల్లగా సంగతి చెబుతుంటే ఆమె సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"మా అమ్మ పోయి రెండేళ్ళయిందండి," అంది.

సోమనర్సయ్య అరుగు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

రమీజా లోపలి నుంచి ఒక ఫొటో తెచ్చింది. రేషన్ కార్డు కోసం తీయించినది. తలమీద కొంగు, సన్నటి ముఖం. ఆయన ఆ ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ముక్కు గురించి ఏమీ అనలేదు. ఒకసారి అని మోసపోయిన మాట అది.

"అమ్మకి తెలుసండి తను క్యాంపు పిల్లనని," అంది రమీజా. "అమ్మమ్మావాళ్ళు చెప్పారు. పేట వెళ్ళినప్పుడల్లా బస్టాండులో కాసేపు కూర్చునేది. నా కోసం ఎవరూ రాలేదేమే, అందరికీ ఎవరో ఒకరు వచ్చుంటారుగా అనేది."

జయమణి వీధిలోనే నిలబడి ఉంది, పాతికేళ్ళప్పుడు నిలబడ్డ చోటుకు కాస్త ఇవతల. ఆ మాట ఆమెకు కూడా వినబడింది. తొంభై నాలుగు నుంచి రెండువేల ఆరు వరకు, పన్నెండేళ్ళు. ఒక అన్న బస్సులో టికెట్లు కొడుతూ తిరిగాడు, ఒక చెల్లెలు అదే స్టాండులో కూర్చుని లేచిపోయింది. మధ్యలో తను.

రమీజా భర్త ఇలియాస్ ఆటో నడుపుతాడు. సాయంత్రం అతనొచ్చాక తల్లి గుర్తు రమీజాలోనూ ఉంటుందని చెప్పి యామిని పరీక్షకు అడిగింది. "దీంట్లో మాకేం ఇబ్బంది ఉండదుగా అమ్మా? రేపు మావాళ్ళు, మీవాళ్ళు అంటూ ఎవరూ రారుగా?" అన్నాడు. సోమనర్సయ్య అప్పుడు నోరు విప్పాడు. "ఎవరూ రారు బిడ్డా. పెంచినోళ్ళు పెట్టిన పేరే పేరు. నాకు తెలుసుకోవాల్నని ఉన్నది, గంతే." రమీజా భర్త వైపు చూడకుండానే, "తియ్యండి," అంది.

రెండో పెట్టె వచ్చి, పోయి, ఫలితం వచ్చేసరికి డిసెంబరు అయింది. ఒక్క తేడా కూడా లేదు. ఈ గుర్తు ఒక్కటే పూర్తి రుజువు కాదనీ, కానీ క్యాంపు కథతో కలిపి చూస్తే ఇక అనుమానించడానికేమీ లేదనీ యామిని చెప్పింది. ఆ కబురు జయమణికి ఫోనులో చేరింది. చేసింది యామినే. సోమనర్సయ్య చెయ్యలేదు.

ఆయన ఆ తర్వాత పేట రాలేదు. పెనుగంచిప్రోలు మాత్రం నెలకోసారి వెళ్ళేవాడని, వెళ్ళినప్పుడు హజరాబీ సమాధి దగ్గర కాసేపు కూర్చుని వచ్చేవాడని తెలిసింది. మరుసటి రాఖీ పున్నమికి జయమణి కోదాడ వెళ్ళలేదు. ఆ ముందురోజు బజారులో ఒక రాఖీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చింది. బేబి, "నువ్వు కావాలని చేశావా అమ్మా? ఎవరైనా అంతే చేస్తారు," అంది. కావాలనే చేశానని జయమణికి తెలుసు. కూతురితో వాదించలేదు.

ఎవరూ అనుకోని మనిషి వచ్చింది. రమీజా. ఒకరోజు సందులో దిగి, కట్టల మధ్య దారి చేసుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నన్ను తిట్టడానికొచ్చావా అమ్మాయ్?"

"తిడదామనే చాలాసార్లు అనుకున్నానండి," అంది రమీజా. "ఇప్పుడు దానికి రాలేదు. మా అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు ఎట్టా ఉండేదో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మకి జ్వరం వచ్చిందన్నది తప్ప మామయ్యకి ఇంకేం గుర్తులేదంట. మీ పుల్లమ్మగారు మీకేమైనా చెప్పిందేమోనని."

జయమణి గుర్తున్నదంతా చెప్పింది. ఇద్దరినీ ఒకే గోతాం మీద పడుకోబెట్టిన సంగతి, ఇద్దరికీ జ్వరమొస్తే రెండో పిల్లకు తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టిన సంగతి, గంజి చెంచాతో పోస్తే ఉమ్మేసి వేలితో నాకిస్తే తాగేదన్న సంగతి, పరుపుల సాయిబు భార్య ఎత్తుకోగానే ఆవిడ ముక్కుపుడక పట్టుకుని వదలలేదన్న సంగతి. రమీజా ఒకచోట నవ్వింది, ఒకచోట ఏడ్చింది. వెళ్ళేటప్పుడు, "మళ్ళీ వస్తా పెద్దమ్మా," అంది. ఆ పిలుపుకు తను తగనని జయమణి చెప్పబోయింది. రమీజా అప్పటికే సందు మలుపు తిరిగింది.

రెండువేల తొమ్మిది చివర్లో జయమణికి కంట్లో శుక్లం తీశారు. నందిగామలో బేబి ఇంట్లో నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద ఉంది. గుమ్మంలో ఇద్దరి అడుగుల చప్పుడు. రమీజా గొంతు గుర్తుపట్టింది. రెండో మనిషి దగ్గు విని లేచి కూర్చుంది.

సోమనర్సయ్య మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. బత్తాయిల సంచి కింద పెట్టాడు. చాలాసేపు కంటి ఆపరేషను గురించే అడిగాడు. ఎన్ని రోజులు తల తడపొద్దన్నారు, చుక్కలు ఎన్నిసార్లు వేస్తున్నారు. తర్వాత ఆగి, నేల చూస్తూ అన్నాడు.

"కోపం పోలేదు. పోతదని గూడ చెప్పలేను."

"పోవద్దు అన్నయ్యా," అంది జయమణి.

"గని పద్నాలుగేండ్లు చెల్లె అని పిలిచి, ఇప్పుడు ఇంకేమని పిలువాల్నో నోటికి వస్తలేదు."

బేబి కాఫీలు తెచ్చింది. ఆయనకు చక్కెర లేకుండా ఇవ్వాలని జయమణి లోపలికి కేకేసింది. తనకు కాదు, ఆయనకే వచ్చింది సుగర్.

ఇంతలో రమీజా ఫోను మోగింది. యామిని. హైదరాబాదు నుంచి. అందరితో మాట్లాడి చివరగా జయమణిని అడిగింది. పరీక్ష చేసిన కంపెనీ దగ్గర ఆమె వివరాలు అలాగే ఉన్నాయట. అక్కర్లేదంటే తీయించేస్తానంది. ఉంచితే, అదే గుర్తున్న మనిషి ఎవరైనా ఎప్పుడైనా పరీక్ష చేయించుకుంటే కబురొస్తుందట. ఇప్పటిదాకా ఎవరూ లేరట. మన వైపు వాళ్ళు ఈ పరీక్షలు చేయించుకునేదే తక్కువ, ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పింది.

"ఉంచమ్మా," అంది జయమణి. "నాకోసం ఎవరన్నా వెతుక్కుంటుంటే వాళ్ళకి కనపడాలిగా."

ఫోను రమీజాకు ఇచ్చేసింది. సోమనర్సయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, బేబిని కోదాడ బస్సు ఎన్నింటికని అడిగాడు. నాలుగున్నరకు ఒకటి, ఆరింటికి ఒకటి ఉన్నాయంది బేబి. ఆరింటి దానికి పోతానన్నాడు.